చీలమండకు టేపు: ఏ కాలికి, ఎప్పుడు, ఎంతసేపు

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇదీ. మీ అమ్మాయికి 15 ఏళ్లు, ఉప్పల్ వైపు స్కూల్లో కబడ్డీ ఆడుతుంది, రైడర్. ఎనిమిది నెలల్లో కుడి చీలమండ రెండుసార్లు బెణికింది. రెండోసారి బెణికి ఐదు వారాలైంది. నొప్పి తగ్గింది కానీ పరుగెత్తి ఒక్కసారిగా తిరిగితే “కాలు జారిపోతున్నట్టు ఉంది” అంటోంది. వచ్చే నెలలో పోటీలున్నాయి. టేపు వేసి ఆడిద్దామని పీఈటీ సారు అంటున్నారు. ఏ టేపు కొనాలి, ఎలా వేయాలి, రోజూ వేయొచ్చా, బ్రేస్ (చీలమండకు తొడిగి బిగించే పట్టీ) మంచిదా, ముందుజాగ్రత్తగా మోకాళ్లకు కూడా వేయాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ అమ్మాయి కాలికి టేపు పనికొస్తుంది. నిజానికి ఒకసారి బెణికిన చీలమండకే టేపు ఎక్కువ మేలు చేస్తుంది, ఎప్పుడూ బెణకని కాలికి చేసే మేలు తక్కువ. కానీ ఏ టేపు, ఎలా అనేదానికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కాలు ఇప్పుడు ఆటకు సిద్ధంగా ఉందా? మీ ఉత్తరం చదువుతూ నేను ఆగింది “జారిపోతున్నట్టు ఉంది” అన్న చోటే. పిల్లలు నొప్పిని దాచుకుంటారు, ముఖ్యంగా పోటీల ముందు. ఈ మాట మాత్రం దాచుకోలేరు, ఎందుకంటే అది వాళ్లను భయపెడుతుంది. స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుగా హైదరాబాద్‌లో 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను. కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల కాళ్లే ఎక్కువ చూశాను. ఆ మాట చెప్పిన కాలికి టేపు ఒక్కటే వేసి పంపడం నేను మానేసి చాలా ఏళ్లయింది. ఎందుకో కింద చెప్తాను.

చీలమండ బయటివైపు మూడు లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు ఉంటాయి. వాటిలో ముందువైపు ఉన్నది అన్నిటికన్నా బలహీనం. పాదం కిందికి వంగి, లోపలికి మడత పడినప్పుడు మొదట సాగేది, తెగేది అదే. రైడర్ ఆట మొత్తం ఈ ప్రమాదం చుట్టూనే తిరుగుతుంది. బోనస్ గీత దాటాలంటే ఒక కాలు గీత అవతల ఆనాలి, రెండోది గాల్లో ఉండాలి. ఒంటి బరువంతా ఒక్క పాదం మీద పడే క్షణం అది. అదే క్షణంలో కార్నర్‌లో ఉన్న అవతలి జట్టు అమ్మాయి యాంకిల్ హోల్డ్‌కి, అంటే చీలమండ పట్టుకోవడానికి దూకుతుంది. మీ పిల్ల ఒళ్లు వెనక్కి తిరుగుతుంది, పాదం మ్యాట్‌కి అంటుకుని అక్కడే ఉంటుంది. చీలమండ మడతపడటానికి ఇంతకన్నా ఏం కావాలి?

టేపు ఆ కాలిని సిమెంటు కట్టులా పట్టి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. అలా పట్టి ఉంచదు. పాదం గాల్లోంచి నేలకు దిగేటప్పుడు అప్పటికే లోపలికి వాలిపోకుండా, కాస్త తిన్నగా దిగేలా చూస్తుంది. మడత పడేటప్పుడు చివరి అంచుకు వెళ్లకుండా కొంత అడ్డుకుంటుంది. ఇక మూడోది, బెణికిన కాలికి అన్నిటికన్నా ముఖ్యమైనది: చర్మం మీద టేపు లాగుతున్నట్టు తెలుస్తూ ఉంటే పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు బాగా తెలుస్తుందని మా అంచనా. లిగమెంట్ దెబ్బతిన్నప్పుడు దానిలోని నరాల కొసలు కూడా దెబ్బతింటాయి, ఆ కాలికి తన స్థానం సరిగా తెలియదు. జారిపోతున్నట్టు అనిపించడానికి ఒక పెద్ద కారణం ఇదే. టేపు ఆ లోటును కొంతసేపు పూడుస్తుంది.

కొంతసేపు అని ఊరికే అనలేదు. గట్టిగా పది నిమిషాలు ఆడేసరికే టేపు బిగువులో దాదాపు 40 శాతం పోతుందని 1962లోనే కొలిచి చూశారు. చెమట పట్టి, చర్మం కదిలి, టేపు అంచులు సడలిపోతాయి. అయినా 1973లో అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే కాలేజీ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనంలో టేపు వేసుకున్నవాళ్లకు బెణుకులు స్పష్టంగా తగ్గాయి. సడలిన టేపు కూడా ఎందుకు పనిచేస్తుందంటే, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేయడం వల్లే అని మాలో చాలామంది నమ్మకం. కబడ్డీ మ్యాచ్‌కి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. వార్మప్‌కి గంట ముందే టేపు వేసి కూర్చోబెడితే ఆట మొదలయ్యేసరికి అది పాత టేపు అయిపోతుంది.

ఇక నేను టేపు ఒక్కటే వేయడం ఎందుకు మానేశానో. పని మొదలుపెట్టిన రెండో ఏడాది, ఒక ఇంటర్ కాలేజీ టోర్నమెంట్లో ఫైనల్‌కి ముందు ఒక కుర్రాడు కుంటుతూ వచ్చాడు. సెమీస్‌లో కాలు మడత పడింది. కోచ్ పక్కనే నిలబడి “టేపు వేయండి, ఆడతాడు” అన్నారు. వాపు చీలమండ దగ్గర కాక కాస్త కిందికి, పాదం బయటి అంచున ఉంది. నేను అక్కడ వేలితో నొక్కి చూడలేదు. చుట్టూ జనం, మైకులో పేర్లు పిలుస్తున్నారు, బిగించి టేపు వేశాను. అతను ఆడాడు. మర్నాడు ఎక్స్‌రేలో చిటికెన వేలి వెనకున్న పొడుగు ఎముక మొదట్లో విరిగినట్టు తేలింది. నా టేపు వల్ల విరగలేదు, కానీ విరిగిన ఎముక మీద అతను ఒక మ్యాచ్ మొత్తం ఆడింది నా టేపు వల్లే. అతనికి ఆ సీజన్ అంతా పోయింది. ఆ కుర్రాడి ముఖం ఇంకా గుర్తుంది, టేపు వేశాక ధైర్యం వచ్చి నవ్వాడు.

అందుకే కొత్తగా దెబ్బ తగిలిన కాలిని ముట్టుకునే ముందు కొన్ని చోట్ల నొక్కి చూడటం మీరూ, పీఈటీ సారూ నేర్చుకోవాలి. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో పెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఎమర్జెన్సీ గదుల్లో వాడుతున్నారు. చీలమండ బయటి గుబ్బ, లోపలి గుబ్బ ఉన్నాయి కదా, వాటి కొస నుంచి వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల వరకు ఎముక మీద నొక్కండి. తర్వాత పాదం బయటి అంచు మధ్యలో ఎత్తుగా తగిలే ఎముక మీద, పాదం లోపలివైపు వంపు పైన ఉన్న ఎముక మీద నొక్కండి. వీటిలో ఎక్కడ ఎముక మీదే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత చూసినప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా, ముందు ఎక్స్‌రే. టేపు కాదు, నూనె మర్దన కాదు, కట్టు కట్టించడం కాదు. మన ఇళ్లలో కాలు బెణికితే తోమించడం అలవాటు. కొత్త బెణుకుని మొదటి రెండు మూడు రోజుల్లో గట్టిగా తోమితే లోపల రక్తస్రావం, వాపు పెరుగుతాయి. ఆ పని దయచేసి చేయించకండి. వాపు పెరుగుతున్న కాలికి చుట్టూ గట్టి టేపు వేయడం ఇంకా ప్రమాదం, రక్తం అందదు.

మీ అమ్మాయికి ఐదు వారాలైంది కాబట్టి ఆ దశ దాటింది. ఇప్పుడు ఇంట్లోనే ఈ పరీక్షలు చేయండి, చెప్పులు లేకుండా, రెండు కాళ్లకూ. గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. బొటనవేలు గోడకు ఎంత దూరం జరిగే వరకు మోకాలు తాకుతుందో స్కేలుతో కొలవండి. కుడి, ఎడమల మధ్య రెండు సెంటీమీటర్ల కన్నా ఎక్కువ తేడా ఉంటే కీలు ఇంకా బిగుసుకునే ఉంది. తర్వాత ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడమనండి, మొదట కళ్లు తెరిచి, తర్వాత మూసి. ఆ తర్వాత ఒంటికాలితో మునివేళ్ల మీద లేవడం, ఎడమ కాలితో 25 సార్లు లేచి కుడికాలితో 15కే ఆగిపోతే పిక్క బలం రాలేదు. చివరగా ఒంటికాలితో ముందుకు గెంతు. కుడికాలి గెంతు ఎడమకాలి గెంతులో కనీసం 90 శాతం ఉండాలి, దిగినప్పుడు కదలకుండా నిలబడగలగాలి. ఇవన్నీ టేపు లేకుండా చేయాలి. టేపు లేకుండా ఇవి చేయలేని కాలిని టేపుతో మ్యాట్ మీదికి పంపకండి. ఈ ఒక్క మాట దగ్గర నేను రాజీపడను.

పరీక్షల్లో నెగ్గింది అనుకుందాం. ఇప్పుడు టేపు సంగతి.

కోఠి, సుల్తాన్ బజార్ వైపు సర్జికల్ షాపుల్లోనో, ఎల్బీ స్టేడియం దగ్గరి స్పోర్ట్స్ షాపుల్లోనో దొరుకుతుంది. “టేపు ఇవ్వండి” అంటే చాలాచోట్ల మైక్రోపోర్ పేపర్ టేపు చేతిలో పెడతారు. అది గాజుగుడ్డ అంటించడానికి, చెమటకు ఐదు నిమిషాలు నిలవదు. మీరు అడగాల్సింది జింక్ ఆక్సైడ్ స్పోర్ట్స్ టేపు, గట్టి గుడ్డతో చేసినది, సాగనిది, 3.8 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది. చేత్తో అడ్డంగా చింపితే తిన్నగా చినగాలి, షాపులోనే కొస చింపి చూడండి. దానితోపాటు టేపు కింద చర్మం మీద చుట్టే, పల్చటి స్పాంజిలా ఉండే అండర్‌ర్యాప్ ఒక రోల్. డైనాప్లాస్ట్ లాంటి సాగే అంటుకట్టు ఉంటే పైన మూయడానికి బాగుంటుంది, తప్పనిసరి కాదు. క్రేప్ బ్యాండేజ్ వాపుకి, నొప్పికి వాడేది. ఆటలో చీలమండ మడత పడకుండా అది ఆపలేదు. ఒక్కో చీలమండకు పద్ధతిగా వేస్తే 13.7 మీటర్ల రోల్‌లో మూడో వంతు నుంచి సగం దాకా అయిపోతుంది, ఆ లెక్కన కొనుక్కోండి.

వేయడం చూసి నేర్చుకోవాల్సిన పని, చదివి పూర్తిగా రాదు. అయినా వరస తెలిస్తే ఎవరైనా వేస్తున్నప్పుడు సరిగా వేస్తున్నారో లేదో పట్టుకోగలరు. అమ్మాయిని బల్ల మీద కూర్చోబెట్టండి, పిక్క సగం నుంచి కాలు బల్ల బయటికి ఉండాలి. పాదం కాలికి 90 డిగ్రీల్లో, వేళ్లు తన ముక్కువైపు చూస్తూ ఉండాలి. ఆ కోణాన్ని తానే పట్టి ఉంచాలి, మీరు పట్టుకుంటే చాలదు. మధ్యలో పాదం కిందికి వాలిందంటే అంతవరకు వేసినదంతా వృథా, ఎందుకంటే బెణికే స్థితిలోనే కట్టేసినట్టు అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసే తప్పు ఇదే. పిల్ల పక్కవాళ్లతో మాట్లాడుతూ పాదం వదిలేస్తుంది, వేసేవాళ్లు గమనించరు.

అండర్‌ర్యాప్ ఒక్క పొరే చుట్టండి. మందంగా చుడితే మెత్తగా ఉంటుంది గానీ టేపు మొత్తం సాక్స్‌లా జారుతుంది. తర్వాత పట్టు ముక్కలు: చీలమండ గుబ్బకు సుమారు 10 సెంటీమీటర్ల పైన రెండు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా, లాగకుండా కేవలం అంటించాలి. పాదం నడుమ ఒకటి, ఇంకా వదులుగా, ఎందుకంటే బరువు పడగానే పాదం వెడల్పవుతుంది. ఈ పట్టు ముక్కల అంచు కొంచెం నేరుగా చర్మానికే అంటాలి, లేకపోతే దేన్ని పట్టుకుని నిలబడతాయి?

అసలు పనిచేసేది దీని తర్వాతి ముక్కలు. కాలి లోపలివైపు పై పట్టు దగ్గర మొదలుపెట్టి, కిందికి వచ్చి, మడమ కిందుగా పోయి, బయటివైపు గుబ్బ మీదుగా పైకి లాగి అంటించాలి. లాగడం ఈ ఒక్కచోటే, బయటివైపు పైకి వచ్చేటప్పుడే. ఇది తలకిందులైతే, అంటే బయటినుంచి లోపలికి లాగితే, పాదాన్ని మనమే మడతవైపు తోసినట్టు. ఇలాంటివి మూడు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కుతూ. ఆ తర్వాత చీలమండ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో రెండు చుట్లు. ఇక మడమ లాక్: టేపు మడమ వెనకనుంచి వంకరగా వచ్చి, మడమ కిందుగా దూరి, అవతలివైపు పైకి వస్తుంది. లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. దీన్ని నేర్చుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది, నాకు పట్టింది. చివరగా కింది నుంచి పైదాకా ఖాళీలు మూసేస్తూ ముక్కలు. చర్మం కనిపించే చిన్న కిటికీ మిగిలితే అక్కడే బొబ్బ లేస్తుంది. ముడత ఉన్నచోట కూడా అంతే.

ఒక్క ముక్కా కట్టులా చుట్టుకుంటూ పోకండి. ప్రతి ముక్కనూ విడిగా చింపి అంటించండి. రోల్‌ను వదలకుండా చుట్టుకుంటూ పోతే చేతికి తెలియకుండానే బిగువు పెరిగిపోతుంది. వేశాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, తెల్లబడిన రంగు రెండు సెకన్లలో గులాబీ రంగుకి రావాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరిగా ఉందన్నా, నీలంగా మారినా వెంటనే కోసేయండి. మ్యాచ్ మొదలవబోతోంది కదా అని ఆగకండి. తర్వాత లేచి నడిచి, నెమ్మదిగా పరుగెత్తి, పక్కలకు అడుగులు వేసి చూడాలి. నొప్పి ఎక్కడైనా గుచ్చితే ఆ ముక్క తప్పుగా పడింది.

మన ఊరి సంగతులు కొన్ని. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో, ఫ్యాన్ కూడా లేని ఇండోర్ హాళ్లలో చెమటకు టేపు అసలు అంటుకోదు. కాలిని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నీడలో కూర్చోబెట్టి వేయండి. ఉదయం తలంటు రోజైతే పిల్లల కాళ్లకూ కొబ్బరినూనె ఉంటుంది, దాని మీద ఏ టేపూ నిలవదు. చీలమండ ముందు మడత దగ్గర, వెనక మడమ పైన తాడులా తగిలేచోట రాపిడికి బొబ్బలు వస్తాయి కాబట్టి బాస్కెట్‌బాల్ వాళ్లు అక్కడ వ్యాజలిన్ రాసిన మెత్తటి ముక్క పెడతారు. కబడ్డీలో ఆ పని చేయకండి. ఒంటికి నూనె గానీ జిడ్డు గానీ రాసుకోకూడదని ఆట నియమాల్లోనే ఉంది, పట్టుకునేవాళ్లకు చేయి జారుతుంది కదా. పొడి గాజుగుడ్డ మడతపెట్టి వాడండి. అవతలి డిఫెండర్ వేళ్లు టేపు అంచులో దూరితే మొత్తం ఊడిపోతుంది, కాబట్టి పైన సాగే టేపుతో ఒక చుట్టు మూసి, దాని మీద సాక్స్ వేయండి.

పోటీకి ఒకట్రెండు రోజుల ముందే మోచేతి లోపలివైపు చిన్న ముక్క అంటించి ఒక రాత్రి ఉంచి చూడండి. కొందరికి ఆ జిగురు పడదు, దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అది ఫైనల్ రోజు తెలియడం మంచిది కాదు. ఆట అయిపోగానే తీసేయాలి, రాత్రి ఉంచుకుని పడుకోకూడదు. మొండి మొనల కత్తెరతో లోపలి గుబ్బ వెనకున్న మెత్తటి పల్లం వెంట కోయండి. ఒక్క ఊపున లాగకండి, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి, టేపును చర్మానికి ఆనించి వెనక్కి మడుస్తూ తీయాలి. జిగురు మిగిలితే ఇప్పుడు రాయండి కొబ్బరినూనె, చక్కగా పోతుంది.

రోజూ వేయొచ్చా అన్నారు. చర్మం ఒప్పుకోదు, ఖర్చు కూడా చిన్నది కాదు, పైగా ఇంట్లో నేర్చిన చేత్తో రోజూ ఒకేలా పడదు. అందుకే రోజువారీ ప్రాక్టీసుకు తాళ్లతో బిగించే చీలమండ బ్రేస్ కొనమని చెప్తాను. సడలితే మధ్యలో తానే బిగించుకోవచ్చు, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. బెణుకు తర్వాత మొదటి ఏడాదిలోనే మళ్లీ బెణికే ప్రమాదం ఎక్కువ, ఆ ఏడాదంతా ఆటలో వాడితే మంచిది. మ్యాచ్‌లో కూడా అదే వాడొచ్చు, కానీ గట్టి ప్లాస్టిక్ పలకలున్నవి అవతలివాళ్లకు తగులుతాయి. కొనేముందు పీఈటీ సారుని అడగండి, మ్యాచ్ ముందు రిఫరీకి చూపించండి. “బ్రేస్ వాడితే కాలు బలహీనపడుతుంది” అనే భయం చాలామంది తల్లిదండ్రుల్లో ఉంది. ఆటలో ఉన్నంతసేపు వాడి, వ్యాయామం మానకుండా చేసే పిల్లల్లో అలా జరగడం నేను చూడలేదు.

వ్యాయామం మానకుండా అన్నాను కదా, దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. నెదర్లాండ్స్‌లో 2009లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో చీలమండ బెణికిన 522 మంది ఆటగాళ్లను తీసుకున్నారు. సగం మందికి మామూలు చికిత్సతోపాటు ఎనిమిది వారాల బ్యాలెన్స్ వ్యాయామాలు ఇంట్లో చేసుకోమని ఇచ్చారు, వారానికి మూడుసార్లు. ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు ఆ వ్యాయామాలు ఇచ్చినవాళ్లలో 22 శాతం, మిగతావాళ్లలో 33 శాతం. 2014లో అక్కడే మరో అధ్యయనంలో బ్రేస్‌ని, వ్యాయామాన్ని పోల్చారు, మళ్లీ బెణకకుండా ఆపడంలో బ్రేస్ ఇంకా మెరుగ్గా కనిపించింది. మరి వ్యాయామం ఎందుకు? బ్రేస్ లేని సమయంలో, మెట్ల మీద, బస్సు దిగేటప్పుడు, స్కూలు గేటు దగ్గరి గతుకుల్లో ఆ కాలిని కాపాడేది సొంత బలమే. పిల్లకు ఇంకా ఎన్నో ఏళ్ల ఆట ఉంది.

దీనికి బోర్డులు, బంతులు కొనక్కర్లేదు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాలి. అది తేలికయ్యాక మడతపెట్టిన బొంత మీద నిలబడాలి. ఆ తర్వాత అలాగే నిలబడి గోడకు బంతి కొట్టి పట్టుకోవాలి, అప్పుడు మెదడు కాలి మీద ధ్యాస పెట్టదు, కాలు తనంతట తాను సర్దుకోవడం నేర్చుకుంటుంది. రబ్బరు బ్యాండుని మంచం కోడుకి కట్టి, పాదాన్ని బయటివైపు లాగాలి, 15 చొప్పున మూడు సార్లు. పిక్క బయటివైపు కండరాలు మడతను ఎదిరించేవి, వాటికి నేరుగా పని చెప్పేది ఇదే. రెండో మూడో వారం నుంచి నేల మీద గీత గీసి, ఒంటికాలితో అటూ ఇటూ గెంతులు. చివర్లో రైడ్ కదలికలు: వేగంగా లోపలికి, ఒక్క పాదం మీద ఆగి, వెనక్కి తిరగడం. ఇవి టేపు లేకుండా మెల్లగా, టేపుతో వేగంగా.

ఆటగాళ్ల ఒంటి మీద కనిపించే రంగుల టేపు (కినీసియో టేపు) గురించి. దాన్ని 1970ల్లో జపాన్‌కు చెందిన కెంజో కాసే తయారుచేశారు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్ల భుజాల మీద టీవీల్లో కనిపించాక ప్రపంచమంతా పాకింది. అది సాగే టేపు. సాగేది కీలును ఆపలేదు. కొందరికి నొప్పి కొంచెం తగ్గినట్టు ఉంటుంది, అంతవరకు మంచిదే. బెణుకును అడ్డుకుంటుందని నమ్మి కొనకండి. నీలం, ఎరుపు, నలుపు వేర్వేరు పనులు చేస్తాయని అమ్మేవాళ్లు చెప్తే వినకండి, రంగు తప్ప తేడా లేదు.

నొప్పి లేని మోకాళ్లకు ఏ టేపూ వద్దు. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్లకు ఆస్ట్రేలియా ఫిజియో జెన్నీ మెకానెల్ 1980ల్లో చూపిన పద్ధతిలో చిప్పను పక్కకు లాగి వేస్తే నొప్పి తగ్గి వ్యాయామం చేయగలుగుతారు. అది చికిత్సలో భాగం. ఆడపిల్లల ఆటల్లో మనం నిజంగా భయపడాల్సిన ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) తెగడాన్ని టేపు ఆపలేదు, మోకాలి మీద పడే మెలి బలం ముందు ఆ అంటు ఏపాటిది? దాన్ని తగ్గించేది దూకి దిగే పద్ధతి నేర్పడం: మోకాళ్లు వంచి, లోపలికి కూలకుండా, చప్పుడు లేకుండా దిగడం. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలకు ఇలాంటి 20 నిమిషాల వార్మప్ ఒక సీజన్ పాటు చేయిస్తే మొత్తం గాయాలు మూడో వంతు దాకా తగ్గాయని 2008లో తేలింది. టేపు కొనే డబ్బు కన్నా ఆ 20 నిమిషాలే మీ స్కూలు టీమ్ మొత్తానికి ఎక్కువ ఉపయోగం. వేళ్ల సంగతి తేలిక, బెణికిన వేలిని పక్క వేలితో కలిపి కీళ్ల మధ్యలో రెండు చుట్లు వేస్తే సరిపోతుంది. వేలి కొస వాలిపోయి లేవకపోతే మాత్రం డాక్టరుకు చూపించండి.

“సింధు పట్టీతో ఆడి గెలవలేదా?” అని పిల్లలు నన్ను అడుగుతారు, మీ అమ్మాయీ అడగొచ్చు. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సింధు ఎడమ కాలికి పట్టీతో ఆడి, కెనడా క్రీడాకారిణి మిషెల్ లీని ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ మ్యాచ్ చూసి నేనూ చప్పట్లు కొట్టాను. కొద్ది రోజులకే ఆ కాలిలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి చీలిక) అని ప్రకటించి, ఆ నెల టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లలేదు. మళ్లీ కోర్టులోకి దిగింది 2023 జనవరిలో. ఆమె అప్పటికే రెండు ఒలింపిక్ పతకాలు గెలిచిన క్రీడాకారిణి, పక్కన వైద్యులున్నారు, ఆ నిర్ణయం బరువు తెలిసి తీసుకున్న వయసు. 15 ఏళ్ల పిల్లకు జిల్లా పోటీల కోసం ఆ నిర్ణయం పెద్దవాళ్లు తీసుకోకూడదు.

కాబట్టి పీఈటీ సారుతో ఇలా మాట్లాడండి. ఇవాళే పైన చెప్పిన పరీక్షలు ఆయన ముందే చేయించండి, అంకెలు నోట్‌బుక్‌లో రాయండి. రెండు వారాలు వ్యాయామాలు, బ్రేస్‌తో తేలికపాటి ప్రాక్టీసు. అప్పుడు మళ్లీ అదే పరీక్ష. నెగ్గితే మూడో వారం టేపుతో పూర్తి ప్రాక్టీసు, కనీసం మూడు సెషన్లు, ఎందుకంటే మొదటిసారి టేపు మ్యాచ్ రోజు వేసుకుంటే కాలు కొత్తగా అనిపించి ఆటే దెబ్బతింటుంది. నెగ్గకపోతే ఈసారి పోటీలు వదిలేయాలి, అది పిల్లకు చెప్పడం కష్టమని నాకు తెలుసు. ఆడేది ఏదైనా సరే, ఆ రోజు నొప్పి మాత్ర వేసి పంపకండి, టేపు కింద ఏం జరుగుతోందో తనకు తెలియాలి.

పోటీ రోజు సంచిలో రెండు రోల్స్ టేపు, అండర్‌ర్యాప్, గాజుగుడ్డ, చిన్న టవల్, మొండి కత్తెర పెట్టుకోండి. వార్మప్‌కి 15 నిమిషాల ముందు వేయండి. మధ్య విరామంలో సాక్స్ దించి చూసి, సడలి ఉంటే మీద రెండు మడమ లాక్‌లు కొత్తగా వేయండి. ఆ పరీక్షల అంకెలు నాకు రాసి పంపితే, ఏ వ్యాయామం పెంచాలో చెప్తాను.